ఫ్రేముకు డబ్బు కట్టే ముందు: దిగుమతి భాగాలతో కార్బన్ మౌంటెన్ బైక్

ఒక చేతిలో కొత్త క్యాసెట్, ఇంకో చేతిలో కొత్త వెనక చక్రం పట్టుకుని అరగంట అలాగే కూర్చుండిపోయిన శనివారం నాకింకా గుర్తుంది. క్యాసెట్ అంటే వెనక చక్రం మీద ఉండే గేరు పళ్లచక్రాల గుత్తి, నాది షిమానో డియోర్ 12 స్పీడ్ రకం. దాని అన్నిటికంటే చిన్న పళ్లచక్రానికి, అంటే స్ప్రాకెట్‌కు, 10 పళ్లే ఉంటాయి. అంత చిన్నది కూర్చోవాలంటే చక్రం నడిమి భాగమైన హబ్ మీద, క్యాసెట్ ఎక్కే చోట, మైక్రో స్ప్లైన్ అనే సన్నగాడుల ఫ్రీహబ్ ఉండాలి. నేను తెప్పించిన హబ్‌కు ఉన్నది ఎప్పటినుంచో వస్తున్న హెచ్‌జీ ఫ్రీహబ్. రెండూ మంచి సరుకే, రెండింటికీ డబ్బు కట్టేశాను, కానీ ఒకదాని మీదికి ఇంకొకటి ఎక్కదు. సరైన ఫ్రీహబ్ వచ్చేదాకా మూడు వారాలు ఆ కార్బన్ ఫ్రేము హైదరాబాదులో మా ఇంటి గోడకు ఆనుకునే ఉంది.

చైనా నుంచి ఫ్రేము తెప్పించి మౌంటెన్ బైక్ కట్టుకుంటానని ఎవరితోనైనా అంటే ముందు వచ్చే ప్రశ్న "విరిగిపోదా?" అని. అడగాల్సిన ప్రశ్నే, దాని సంగతి కింద చెబుతాను. కానీ నేను చూసినంతలో ఇలాంటి బైకులు ఫ్రేము విరిగి ఆగిపోలేదు. యాక్సిల్ (ఇరుసు) వెడల్పు కలవక, బేరింగ్ కోణం కలవక, పెడళ్లను మోసే క్రాంక్ పట్టక సగంలో ఆగిపోయాయి. డబ్బు మిగిలినా, మునిగినా అక్కడే. అందుకే ఈ వ్యాసంలో కార్బన్ గురించి ఎంత రాస్తానో, భాగానికీ భాగానికీ మధ్య ఉండే కొలతల గురించి అంతకంటే ఎక్కువ రాస్తాను.

ముందు ఈ ఫ్రేములు ఎక్కడివో తెలియాలి. ప్రపంచంలో అమ్ముడయ్యే కార్బన్ సైకిల్ ఫ్రేముల్లో చాలా భాగం తైవాన్‌లోని తైచుంగ్ చుట్టుపక్కల, చైనాలోని షియామెన్, షెన్‌జెన్, డాంగ్‌గువాన్ లాంటి ఊళ్లలో తయారవుతాయి. 1972లో మొదలైన జెయింట్ సంస్థ పుట్టిల్లు తైచుంగే. అది మొదట్లో అమెరికన్ బ్రాండ్లకు సైకిళ్లు చేసిపెట్టి, తర్వాత సొంత పేరుతో ఎదిగింది. పేరున్న కంపెనీ తన ఫ్రేముకు సొంత డిజైను గీయించి, సొంత ఖర్చుతో ఉక్కు అచ్చు చేయిస్తుంది. ఆ అచ్చులో వచ్చే ఫ్రేము ఆ కంపెనీకి తప్ప ఇంకెవరికీ వెళ్లదు. రెండో దారి ఓపెన్ మోల్డ్. అచ్చు ఫ్యాక్టరీదే. వెయ్యి ఫ్రేములు కొనే చిన్న బ్రాండుకైనా, ఒక్కటే కొనే మనకైనా అదే ఆకారం అమ్ముతారు. వెనక సస్పెన్షన్ లేని హార్డ్‌టెయిల్ అచ్చులే వీటిలో ఎక్కువ. ముందు సస్పెన్షన్ ఉంటుంది, అది ముందు చక్రాన్ని పట్టే ఫోర్కుతో వస్తుంది. ఇలాంటి హార్డ్‌టెయిల్ ఫ్రేము దాదాపు 400 నుంచి 600 డాలర్లకు దొరుకుతుంది. ప్రకటనల ఖర్చు, మధ్యలో డీలర్ల వాటా, పోటీ జట్ల జీతాలు ఇందులో ఉండవు. చవక రావడానికి పెద్ద కారణం అదే.

ఓపెన్ మోల్డ్ వేరు, దొంగ సరుకు వేరు. పెద్ద బ్రాండు పేరు, రంగులు అచ్చుగుద్దినట్టు వేసి మూడో వంతు ధరకు అమ్మేవాటిని "అదే ఫ్యాక్టరీలో మిగిలినవి" అని చెబుతారు. నమ్మకండి. వేరొకరి పేరు దొంగిలించినవాడు పొరల లెక్క సరిగ్గా వేసి ఉంటాడని నమ్మడానికి ఆధారం ఏమీ లేదు. తన పేరుతో, తన వెబ్‌సైట్‌లో, ఫ్రేము కొలతల పటం పెట్టి అమ్మేవాడి దగ్గరే కొనాలి.

కార్బన్ అసలు ఎలా పనిచేస్తుంది

ఒక్కో కార్బన్ పోగు మందం 5 నుంచి 7 మైక్రాన్లు, అంటే తల వెంట్రుకలో సుమారు పదో వంతు. వేలాది పోగులను ఒకే దిక్కున పరిచి, ఎపాక్సీ జిగురు పట్టించి, పలచటి పట్టీలుగా చేస్తారు. దీన్ని ప్రీప్రెగ్ అంటారు. జిగురు ముందే గట్టిపడకుండా ఫ్రీజర్‌లో దాస్తారు. ఫ్రేము చేసేటప్పుడు ఈ పట్టీలను వందల ముక్కలుగా కోసి, ఏ ముక్క ఎక్కడ, ఏ కోణంలో రావాలో రాసిన పటం చూసి, చేతితో ఒకదాని మీద ఒకటి అంటిస్తారు. తర్వాత ఉక్కు అచ్చులో మూసి, లోపల ఉన్న సంచిలోకి గాలి ఎక్కించి పొరలను అచ్చు గోడకేసి ఒత్తుతూ వేడి చేస్తారు. జిగురు ఉడికి గట్టిపడుతుంది.

నులక మంచం అల్లడం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. నులకను లాగితే ఓర్చుకుంటుంది, నెడితే వంగిపోతుంది. మంచం మీద మనిషిని మోసేది నులక బలం ఒక్కటే కాదు, దాన్ని ఏ దిక్కున, ఎంత బిగువుగా అల్లారన్నది కూడా. కార్బనూ అంతే. గొట్టం పొడవునా పరిచిన పోగులు వంపును ఆపుతాయి. 45 డిగ్రీల ఏటవాలుగా పరిచినవి మెలిపెట్టడాన్ని ఆపుతాయి. అడ్డంగా చుట్టినవి గొట్టం నలిగిపోకుండా కాస్తాయి. పెడల్ బలంగా తొక్కినప్పుడు క్రాంక్ ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ దగ్గర మూడు రకాల ఒత్తిళ్లూ కలిసి వస్తాయి. అక్కడ ఒక ముక్క తప్పు కోణంలో పడినా, ముడత పడినా, పొరల మధ్య గాలి బుడగ మిగిలినా పైన రంగు వేశాక ఎవరికీ కనపడదు.

కాబట్టి అమ్మకపు పేజీలో టీ700, టీ800, టీ1000 అని రాసినదాన్ని చూసి మురిసిపోవద్దు. అవి జపాన్ సంస్థ టోరే తన పోగులకు పెట్టుకున్న పేర్లు. టీ700 పోగు మోడులస్ 230 గిగాపాస్కల్స్, టీ800ది 294. అంటే రెండోది సాగడానికి ఎక్కువ మొండికేస్తుంది, కాబట్టి తక్కువ పోగుతో అంతే గట్టిదనం తేవచ్చు. అయితే ఇది పోగు గుణం. ఫ్రేము గుణం పొరల అమరికది, అచ్చులో ఒత్తిడిది, ఆ బల్ల దగ్గర నిలబడిన మనిషి నేర్పుది. పైకి కనపడే గళ్ల నేత కూడా చాలాసార్లు అందం కోసం వేసిన చివరి పొరే. దాని కింద పని చేసే పొరలన్నీ ఏకదిశ పట్టీలు. నేనైతే నేత కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టను.

మరి నమ్మకం ఎలా? పూర్తిగా కాకపోయినా కొంత దారి ఉంది. సైకిళ్ల భద్రతకు ఐఎస్‌ఓ 4210 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో మౌంటెన్ బైక్ ఫ్రేముకు పెడలింగ్ పరీక్షంటే 1,200 న్యూటన్ల బలంతో, అంటే 120 కిలోల పైచిలుకు బరువుతో, 1,00,000 సార్లు రెండు వైపులా తొక్కించడం. ముందు ఇరుసు దగ్గర ముందుకూ వెనక్కూ లాగే పరీక్ష, బరువు జారవిడిచి కొట్టే పరీక్ష వేరే ఉన్నాయి. అమ్మేవాడిని "ఐఎస్‌ఓ ఉందా" అని అడగకండి, ఉందనే చెబుతాడు. "ఈ మోడల్ నంబరు పేరున ఉన్న పరీక్ష నివేదిక పంపండి" అని అడగండి. నివేదికలో ఫ్రేము ఫొటో, మోడల్ నంబరు, తేదీ ఉండాలి. వేరే ఫ్రేముకు చేసిన నివేదిక పంపేవాళ్లను నేను చూశాను. అమ్మేవాడి తీరు అక్కడే తెలిసిపోతుంది. జవాబు ఆలస్యమైనా స్పష్టంగా ఇచ్చేవాడిని ఎంచుకోవడం నా అలవాటు.

బరువు లెక్క నిజాయితీగా వేసుకుంటే

ఓపెన్ మోల్డ్ కార్బన్ హార్డ్‌టెయిల్ ఫ్రేము 1.0 నుంచి 1.3 కిలోలు తూగుతుంది. మంచి అల్యూమినియం ఫ్రేము 1.6 నుంచి 2.0 కిలోలు. తేడా అర కిలో నుంచి ముప్పావు కిలో, నిండు నీళ్ల సీసా కంటే తక్కువ. చవక సైకిళ్లకు వచ్చే స్ప్రింగు ఫోర్కు రెండున్నర కిలోల పైనే ఉంటుంది. రాక్‌షాక్స్ రీబా లాంటి గాలి ఫోర్కు దానికంటే ముప్పావు కిలో పైగా తేలిక. తీగ అంచు టైర్లు తీసి మడతపడే అంచు టైర్లు వేసి, ట్యూబులు తీసేసి ట్యూబ్‌లెస్ చేస్తే చక్రాల దగ్గరే మరో అర కిలో పోతుంది, అదీ తిరిగే బరువు. అంటే బరువు ఒక్కటే కావాలంటే కార్బన్ ఫ్రేము మొదటి మెట్టు కాదు. ఫోర్కు, టైర్ల తర్వాతది.

ఇది చెప్పాకా నేను కార్బన్ ఫ్రేమే వాడతాను. కారణం బరువు కంటే అది రాళ్ల మీద నడిచే తీరు. దక్కన్ నేల మీద సన్నటి గులకరాళ్ల దారిలో గంటసేపు తొక్కితే చేతులకూ నడుముకూ తెలిసే సన్నని అదురును మంచి కార్బన్ ఫ్రేము కాస్త మింగుతుంది. అయితే ఆ పనిలో ఎక్కువ భాగం టైరు గాలి చేస్తుందని ఒప్పుకోవాలి. 29 అంగుళాల 2.25 టైరులో గాలి కొంచెం తగ్గిస్తే వచ్చే సుఖం ఏ ఫ్రేమూ ఇవ్వలేదు. బడ్జెట్ బిగువుగా ఉన్నవాళ్లకు నా మాట ఒకటే: ఫోర్కు, బ్రేకులు, టైర్ల డబ్బు పక్కన పెట్టాక మిగిలినదాంట్లో కార్బన్ ఫ్రేము వస్తేనే కొనండి. వాటిని తగ్గించి ఫ్రేము కొంటే తేలికైన, ఆగని సైకిల్ చేతికొస్తుంది.

అతుకుల జాబితా

ఫ్రేము ఒంటరిగా ఏమీ చేయదు. ప్రతి భాగాన్నీ అది ఏదో ఒక కొలత దగ్గర పట్టుకుంటుంది. ఆ చోట్లన్నీ కాగితం మీద రాసుకోకుండా డబ్బు కట్టకూడదు. నా మొదటి బైక్ నాకు నేర్పింది ఇదే, అందుకే ఇక్కడ తీరిగ్గా చెబుతాను.

వెనక యాక్సిల్‌తో మొదలు పెడదాం. ఒకప్పుడు మౌంటెన్ బైక్ వెనక హబ్ వెడల్పు 135 మి.మీ., సన్నటి క్విక్ రిలీజ్ ఇరుసుతో. తర్వాత 12 మి.మీ. లావు ఇరుసుతో 142 వచ్చింది. 29 అంగుళాల చక్రం గట్టిగా ఉండాలంటే స్పోకులు ఇంకా వెడల్పుగా నిలబడాలని 2014లో ట్రెక్ సంస్థ 148 మి.మీ. తెచ్చింది, దాన్నే బూస్ట్ అంటారు. ముందు చక్రానికి బూస్ట్ అంటే 110 మి.మీ., పాతది 100. చవగ్గా దొరుకుతున్నాయని పాత 142 చక్రాలు కొని బూస్ట్ ఫ్రేములో పెట్టాలనుకునేవాళ్లు ఉన్నారు. వాషర్లతో సర్దే కిట్లు దొరుకుతాయి కానీ బ్రేక్ డిస్కు జరుగుతుంది, చక్రం మళ్లీ మధ్యకు లాగాలి. ఇప్పుడు కొత్తగా కడుతున్నవాళ్లు ముందూ వెనకా బూస్టే తీసుకోవడం మేలు. ఫోర్కు ఒకటి బూస్ట్, ముందు చక్రం ఇంకొకటి మామూలు అయితే బండి కదలదు.

అదే ఇరుసు దగ్గర, చైనును ఒక గేరు నుంచి ఇంకో గేరుకు జరిపే డిరైలర్‌ను మోసే చిన్న అల్యూమినియం ముక్క ఉంటుంది, హ్యాంగర్ అంటారు. పడినప్పుడు అదే వంగి, విరిగి, ఫ్రేమునూ డిరైలర్‌నూ కాపాడుతుంది. ఒకప్పుడు ఫ్రేముకొక ఆకారం. ఎక్కడో కొన్న ఫ్రేము హ్యాంగర్ విరిగితే ఆ ఫ్యాక్టరీకి రాసి వారాలు ఎదురుచూడాలి. 2019లో శ్రామ్ సంస్థ యూడీహెచ్ అనే ఒకే ఆకారాన్ని ప్రవేశపెట్టింది. ఎవరైనా వాడుకోవచ్చు, ఇప్పుడు చాలా ఓపెన్ మోల్డ్ ఫ్రేములకూ వస్తోంది. దిగుమతి ఫ్రేము కొనేవాడికి ఇంతకంటే పనికొచ్చే ప్రమాణం ఈ మధ్యకాలంలో రాలేదు. రెండు ఫ్రేములు నచ్చి తేల్చుకోలేకపోతే యూడీహెచ్ ఉన్నది తీసుకోండి. లేనిది తీసుకుంటే ఆర్డరులోనే రెండు హ్యాంగర్లు అదనంగా అడగండి.

బాటమ్ బ్రాకెట్ దగ్గర గొడవ ఇంకా ఎక్కువ. మనకు బీఎస్‌ఏ అంటే చిన్నప్పటి సైకిల్ పేరు. ఆ మూడక్షరాలు బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ అనే ఇంగ్లీషు తుపాకుల, సైకిళ్ల కంపెనీవి. అదే పేరు ఇవాళ్టికీ బాటమ్ బ్రాకెట్ మరలకు నిలిచింది. 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 మరలు, చైను వైపు కప్పు ఎడమ మర. కార్బన్ ఫ్రేములో ఈ మర ఉండాలంటే లోపల అల్యూమినియం గొట్టాన్ని అతికించాలి. కొన్ని గ్రాముల బరువు, కొంత ఖర్చు. అది తప్పించుకోవడానికి ప్రెస్‌ఫిట్ వచ్చింది. మౌంటెన్ బైకుల్లో ఎక్కువగా కనిపించే బీబీ92 రకంలో 41 మి.మీ. రంధ్రంలోకి కప్పులను అదిమి పెడతారు. ఆ రంధ్రం గుండ్రన కొంచెం తప్పినా, రెండు వైపుల కప్పులూ ఒకే గీత మీద లేకున్నా బేరింగులు త్వరగా అరుగుతాయి, తొక్కినప్పుడల్లా కిర్రుమంటుంది. చవక ఫ్రేముల్లో ఆ కొలత పట్టు అన్నింటికీ ఒకేలా ఉండదు. అందుకని నా ఎంపిక ఎప్పుడూ మరల ఫ్రేమే. పైగా మరల బాటమ్ బ్రాకెట్‌ను ఏ సైకిల్ షాపులోనైనా విప్పి వేస్తారు. ప్రెస్‌ఫిట్‌కు సరైన ప్రెస్ ఉన్న షాపు వెతకాలి. సుత్తితో కొట్టేవాడి చేతికి కార్బన్ ఇవ్వకూడదు.

క్రాంక్ ఇరుసు కూడా చూడాలి. షిమానో క్రాంకులది 24 మి.మీ., శ్రామ్ డబ్ క్రాంకులది 28.99. బాటమ్ బ్రాకెట్ క్రాంకుకు తగ్గది కొనాలి, ఫ్రేముకు తగ్గది కూడా కావాలి. బూస్ట్ ఫ్రేముకు చైన్‌లైన్, అంటే ఫ్రేము నడిగీత నుంచి చైను దూరం, 52 మి.మీ. దగ్గర ఉండే క్రాంకు కావాలి. క్రాంకు మీది పళ్లచక్రమైన చైన్‌రింగ్ ఎన్ని పళ్లదాకా ఆ ఫ్రేము ఒప్పుకుంటుందో కొలతల పటంలో ఉంటుంది. అనంతగిరి కొండల ఎక్కుళ్లకు నాకు 30 పళ్లే చాలు, 32 దాటి ఎప్పుడూ కోరుకోలేదు.

ముందువైపు ఫోర్కు గొట్టం పైన 28.6 మి.మీ., కింద ఫోర్కు రెండు కాళ్లు కలిసే కిరీటం దగ్గర ఒకటిన్నర అంగుళం ఉండే టేపర్డ్ రకమే ఇప్పుడు మామూలు. గందరగోళం హెడ్‌సెట్‌లో, అంటే ఆ గొట్టం ఫ్రేములో తిరిగే బేరింగుల జతలో ఉంటుంది. కొన్ని ఫ్రేముల్లో బేరింగ్ నేరుగా ఫ్రేములోనే కూర్చుంటుంది, కొన్నింటిలో కప్పులో కూర్చుని ఫ్రేములోకి వెళ్తుంది. ఐఎస్, జడ్‌ఎస్, ఈసీ అనే అక్షరాలు ఆ తేడాను చెబుతాయి, పక్కనుండే అంకె రంధ్రం వ్యాసం. బేరింగ్ అంచు కోణాలు 36, 45 అని రెండున్నాయి. ఒకదాని చోట ఇంకొకటి పెడితే కూర్చున్నట్టే ఉంటుంది, నాలుగు రోజుల తర్వాత హ్యాండిల్ వదులవుతుంది. ఈ తలనొప్పికి తేలిక మందు ఉంది: ఫ్రేము అమ్మేవాడి దగ్గరే హెడ్‌సెట్ కొనేయండి, అదనంగా ఒక జత బేరింగులు కూడా. హెడ్‌సెట్ బేరింగులు మామూలు బేరింగ్ షాపులో దొరకవు. హబ్ బేరింగుల సంగతి వేరు. 6902 అంటే లోపల 15, బయట 28, మందం 7 మి.మీ. అది కర్మాగారాల్లో వాడే కొలతే, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతికితే దొరుకుతుంది. ఇలా స్థానికంగా దొరికే బేరింగులు ఉన్న హబ్‌నే ఎంచుకోవడం దూరపు సరుకు కొనేవాళ్లకు పెద్ద ధైర్యం.

బ్రేక్ తీగలను హెడ్‌సెట్ లోంచే పంపే ఫ్రేములు ఈ మధ్య అందంగా కనిపిస్తున్నాయి. నేను వాటికి వ్యతిరేకం. మన దుమ్ములో, వానల్లో పై బేరింగ్ త్వరగా పోతుంది. దాన్ని మార్చాలంటే బ్రేక్ గొట్టం ఊడదీసి, నూనె నింపి, గాలి తీయాల్సి వస్తుంది. పక్కన రంధ్రం లోంచి తీగ వెళ్లే ఫ్రేము తీసుకోండి.

ఫోర్కు పొడవు మీద ఇంకొక్క మాట. 100 మి.మీ. ఫోర్కుకు గీసిన ఫ్రేములో 120 పెడితే, ఫోర్కు గొట్టం దూరే ఫ్రేము ముందు గొట్టం, అంటే హెడ్ ట్యూబ్ కోణం సుమారు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. దిగుళ్లలో అది బాగుంటుంది. కానీ ఫ్రేము తయారీదారు 120 దాకా ఒప్పుకుంటేనే పెట్టాలి. ఫోర్కు పొడవు పెరిగేకొద్దీ హెడ్ ట్యూబ్ దగ్గర మీట బలం పెరుగుతుంది, కార్బన్ ఫ్రేములో విరగకూడని చోటు అదే.

సీటును మోసే సీటు పోస్టు వ్యాసం 30.9 లేదా 31.6, హ్యాండిల్‌బార్ మధ్య 31.8 లేదా 35 మి.మీ. ఇవి చూసుకుంటే చాలు. మన దగ్గర కుడి చేతి మీట ముందు బ్రేకుది. అమెరికా కోసం సిద్ధం చేసిన జత కొంటే గొట్టాల పొడవులు తారుమారుగా ఉంటాయి. కొనేటప్పుడే కుడి ముందు రకం అడగాలి.

గేర్ల సంగతికొస్తే, హెచ్‌జీ ఫ్రీహబ్ చక్రాలు చవగ్గా దొరికినవాళ్లకు షిమానో 11 స్పీడ్ డియోర్ మంచి దారి. దాని 11 నుంచి 51 పళ్ల క్యాసెట్ హెచ్‌జీ మీదే ఎక్కుతుంది. చిన్న స్ప్రాకెట్‌లో ఒక్క పన్ను తేడాకు నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను. చైనా గేర్ సెట్లు ఎల్‌ట్వూ, సెన్సా ఇప్పుడు బాగానే మారుతున్నాయి, కానీ విడిభాగం ఊళ్లో దొరకాలంటే షిమానోనే.

ఎక్కడ తగ్గించకూడదు

పేరు లేని కార్బన్ హ్యాండిల్‌బార్, దాన్ని ఫోర్కుకు బిగించే కార్బన్ స్టెమ్, కార్బన్ ఫోర్కు నేను వేయను, ఎవరినీ వేయమనను. ఫ్రేము పగిలితే కొన్నిసార్లు ముందే కిర్రుమని చెబుతుంది. హ్యాండిల్ విరిగితే చెప్పదు, మనిషి నేరుగా ముఖం మీద పడతాడు. మంచి అల్యూమినియం హ్యాండిల్ దానికంటే సుమారు వంద గ్రాములు ఎక్కువ తూగుతుంది, అంతే. బ్రేకులు షిమానో ఎంటీ200 లాంటి మామూలు హైడ్రాలిక్ జత అయినా చాలు, సరైన ప్యాడ్లు, ముందు 180 మి.మీ. డిస్కు ఉంటే కొండ దిగొచ్చు.

కార్బన్ రిమ్ముల విషయంలో నాది మధ్యస్థం. షియామెన్ రిమ్ములు చాలా మంచివి ఉన్నాయి. అయితే గుండ్ల మధ్య తక్కువ గాలితో తొక్కేవాళ్లకు రాయి తగిలి అల్యూమినియం రిమ్ము సొట్టపడితే సరిచేసుకోవచ్చు, కార్బన్ రిమ్ము పగిలితే కొత్తదే. మొదటి బైకుకు అల్యూమినియమే వేయండి.

సరిహద్దు దగ్గర లెక్క

2020 నవంబరు 24న కేంద్రం నిషేధించిన 43 యాప్‌లలో అలీఎక్స్‌ప్రెస్ ఉంది. అప్పటినుంచి మన దగ్గర చాలామంది ఫ్యాక్టరీల సొంత వెబ్‌సైట్ల నుంచి కొరియర్‌లో తెప్పించుకుంటున్నారు. సుంకం ఎలా పడుతుందో చాలామందికి తెలియక పార్సిల్ వచ్చాక బెంబేలెత్తుతారు. వస్తువు ధర, రవాణా, బీమా కలిపి విలువ కడతారు. దాని మీద ప్రాథమిక సుంకం, వర్తించే చోట ఆ సుంకంలో పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌చార్జి, ఇవన్నీ కలిపిన మొత్తం మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతుల మీద పడే జీఎస్టీ. ఉదాహరణకు విలువ 50,000 రూపాయలు, సుంకం 20 శాతం, పన్ను 18 శాతం అనుకుందాం. సుంకం 10,000, సర్‌చార్జి 1,000, మొత్తం 61,000. దాని మీద 10,980. చేతికొచ్చేసరికి 71,980, కొరియర్ రుసుము వేరు. పన్ను మీద పన్ను పడుతుందన్నదే గుర్తుంచుకోవాలి.

అసలు రేటు మాత్రం కొనే రోజున చూసుకోవాలి, బడ్జెట్ బడ్జెట్‌కూ మారుతుంది. కస్టమ్స్ పట్టికలో సైకిల్ విడిభాగాల శీర్షిక 8714, వ్యక్తిగత వాడకానికి కొరియర్‌లోనో పోస్టులోనో వచ్చే వాటికి 9804 అని వేరే శీర్షిక ఉంది. రెండింటి రేట్లు ఒకటి కావు. సైకిళ్లు, వాటి భాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 నుంచి 5 శాతానికి తగ్గింది, కానీ మన పార్సిల్‌ను ఏ శీర్షిక కింద రాశారన్నదాన్ని బట్టే ఆ తగ్గింపు మనకు అందేదీ అందనిదీ. కొరియర్ సంస్థను ముందే అడగండి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒకప్పుడు 800 డాలర్ల లోపు పార్సిల్ సుంకం లేకుండా వచ్చేది. చైనా సరుకుకు ఆ సౌకర్యం 2025 మే 2న పోయింది, కాబట్టి పాత లెక్కలు అక్కడా పనిచేయవు.

"విలువ తక్కువ రాస్తాం" అని అమ్మేవాడు అంటే వద్దని చెప్పండి. అది చట్టరీత్యా తప్పు. దారిలో ఫ్రేము పగిలితే బీమా వచ్చేది రాసిన విలువకే.

కట్టడం

పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయండి. ఫ్రేమును తూకం వేయండి. బాటమ్ బ్రాకెట్ రంధ్రంలో టార్చి వేసి లోపల ముడతలు, ఊడిన పొరలు చూడండి. బేరింగులు కూర్చునే చోట్ల వేలితో తడిమితే రంగు గడ్డలు తెలుస్తాయి. ఏమీ బిగించకుండానే వెనక చక్రం పెట్టి, చక్రానికి రెండు పక్కలా వెళ్లే చెయిన్‌స్టే గొట్టాల మధ్య సమంగా ఉందో లేదో చూడండి. చక్రాన్ని కుడి ఎడమలు మార్చి పెట్టినా తేడా అదే వైపు ఉంటే తప్పు ఫ్రేముది. ఒక్క బోల్టు బిగించాక వాపసు మాట ఎత్తడం కష్టం.

బిగింపు ఎంతో కొలిచి చూపే టార్క్ రెంచి లేకుండా కార్బన్ మీద చేయి వేయకండి. సీటు క్లాంపు, స్టెమ్ బోల్టులు సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు. ఆ భాగం మీద అచ్చు వేసి ఉన్న అంకెదే తుది మాట. చేతి అలవాటుతో బిగించే మెకానిక్ 10 దాకా తీసుకుపోతాడు, ఆ నొక్కుడుకు సీటు పోస్టు దూరే ఫ్రేము గొట్టం లోపల పొర నలుగుతుంది. కార్బన్ ఫ్రేములో సీటు పోస్టు జారకుండా గ్రీజు బదులు రవ్వ కలిసిన కార్బన్ పేస్టు రాయాలి. అప్పుడు తక్కువ బిగింపుతోనే పట్టు వస్తుంది. షిమానో క్రాంక్ పక్క బోల్టులు 12 నుంచి 14, క్యాసెట్ లాక్‌రింగ్ 40. స్టాండులో ఫ్రేము గొట్టాన్ని బిగించకూడదు, సీటు పోస్టునే పట్టించాలి.

విశాఖలోనో కాకినాడలోనో ఉండేవాళ్లకు మరో జాగ్రత్త. కార్బన్, అల్యూమినియం తాకి ఉన్న చోట ఉప్పు తేమ చేరితే అల్యూమినియం తినేయబడుతుంది. తెల్లటి పొడిలా పేరుకుని సీటు పోస్టు ఫ్రేములో అతుక్కుపోతుంది. అలా అతుక్కున్నదాన్ని ఫ్రేము పాడవకుండా తీయడం ఒక్కోసారి సాధ్యం కాదు. వానాకాలం ముందొకసారి, తర్వాత ఒకసారి పోస్టు బయటికి తీసి తుడిచి, పేస్టు మార్చి పెట్టాలి.

మొదటి 50 కిలోమీటర్ల తర్వాత బోల్టులన్నీ మళ్లీ రెంచితో చూడండి. హెడ్ ట్యూబ్ నుంచి బాటమ్ బ్రాకెట్‌కు దిగే డౌన్ ట్యూబ్ కింది వైపు మందమైన రక్షణ పట్టీ అంటించండి, ముందు చక్రం విసిరే రాళ్లు తగిలేది అక్కడే. గట్టి దెబ్బ తగిలిన రోజు ఇంటికి రాగానే ఆ చోటును శుభ్రంగా తుడిచి, రూపాయి నాణెంతో మెల్లగా తడుతూ పోవాలి. బాగున్న చోట టకటకమని స్పష్టంగా మోగుతుంది. పొరలు విడిపోయిన చోట చప్పుడు మందంగా, మట్టి కుండ పగులు మీద కొట్టినట్టు వస్తుంది. రెండో వైపు అదే చోట తట్టి పోల్చి చూడండి. తేడా వినపడితే ఆ బైకు మీద ఇంటి వీధి చివరిదాకా కూడా వెళ్లకుండా, కార్బన్ అతుకు వేసేవాళ్లకు చూపించాలి.